కృష్ణకమలం ఆకులే వేస్తోందా? పూయించే పద్ధతి ఇదీ

మా పక్క వాటాలో ఉండే పిన్నిగారు డాబా మీదికి బట్టలు ఆరేయడానికి వచ్చినప్పుడల్లా ఒకటే మాట అనేవారు: "తీగ ఏపుగానే ఉందమ్మా, పువ్వేదీ?" మొదటి ఏడాది నా దగ్గర జవాబు లేదు. 15 అడుగులు పాకి, నీళ్ల ట్యాంకు దాటి, పిన్నిగారి డిష్ యాంటెనా దాకా వెళ్లిపోయిన కృష్ణకమలం ఒక్కటంటే ఒక్క పువ్వు పూయలేదు. బలం చాలలేదేమో అనుకుని పశువుల ఎరువు ఇంకో రెండు దోసిళ్లు వేశాను. ఆకులు అరచేతి కన్నా పెద్దవయ్యాయి. పువ్వు మాత్రం లేదు.

ఈ తీగను చంపడం కష్టం, పూయించడమే పని. అందుకే బతికించడం గురించి గబగబా చెప్పేసి, పూయించడం దగ్గర కాస్త ఆగుతాను. నేను పెంచేది హైదరాబాద్‌లో, మిద్దె మీద, కుండీల్లో. కోస్తాలో, సీమలో ఉన్నవాళ్లకు ఎక్కడ తేడా వస్తుందో అక్కడే చెబుతాను.

ముందు మీ దగ్గర ఉన్నది ఏ రకమో చూసుకోండి

నర్సరీలో "కృష్ణకమలం" అని అడిగితే నాలుగైదు రకాల తీగలు అదే పేరుతో ఇస్తారు. రాఖీ పువ్వు అన్నా, కౌరవ పాండవుల పువ్వు అన్నా అవే. అన్నీ పాసిఫ్లోరా అనే ఒకే కుటుంబం పిల్లలు. ఈ కుటుంబంలో 500కు పైగా జాతులున్నాయి, ఎక్కువ భాగం దక్షిణ, మధ్య అమెరికా అడవులవి. మనకు దొరికేవాటిని ఆకు చూసి కొంతవరకు పోల్చుకోవచ్చు.

ఆకు మూడు పాయలుగా చీలి, నిగనిగలాడుతూ, అంచంతా రంపపు పళ్లలా ఉంటే అది చాలావరకు ప్యాషన్ ఫ్రూట్ తీగ. పువ్వు తెల్లగా, మధ్యలో ఊదా రంగుతో ఉంటుంది, పండు తినొచ్చు. ఇందులో పసుపు పండు కాసేదానికి కాడల మీద, నులితీగల మీద ఎర్రటి ఊదా జీర కనిపిస్తుంది. ఊదా పండు రకం తీగ ఆకుపచ్చగానే ఉంటుంది. ఆకు ఐదు వేళ్లలా చీలి, అంచులు నున్నగా ఉండి, పువ్వులో నీలం, తెలుపు చక్రాలు కనిపిస్తే అది నీలి రకం, సెరూలియా. మూడు పాయల ఆకు కాస్త మెత్తగా ఉండి, లేత ఊదా పువ్వులో కేసరాలు ఉంగరాల జుట్టులా ముడతలు పడి ఉంటే ఇన్‌కార్నాటా. ఎర్రగా మండిపోయే పూలవి వేరే జాతులు. అవి చూపుకి బాగుంటాయి గానీ చలికి ముందు అవే ముడుచుకుంటాయి.

ఇంత వివరం ఎందుకంటే, పూల కోసం కొన్నవాళ్లకు పండు రకం, పండ్ల కోసం కొన్నవాళ్లకు పూల రకం అంటగట్టడం మామూలే. నాకూ జరిగింది. కాబట్టి పువ్వో మొగ్గో ఉన్న మొక్కనే కొనండి. మొగ్గ ఉందంటే అది పూసే వయసుకు వచ్చిన తీగ నుంచి తీసిన కొమ్మ అని కూడా అర్థం. గింజ మొక్క అయితే తొలి పువ్వుకి ఏడాది ఆగాల్సి రావచ్చు. కడియపులంక వైపు వెళ్లే పని పడితే అక్కడి నర్సరీల్లో ఒక పూట తిరగండి, పూత మీదున్న తీగలను పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇంకో గందరగోళం కూడా ఉంది. బ్రహ్మకమలం అడిగితే కృష్ణకమలం ఇచ్చారని బాధపడేవాళ్లను చూశాను. ఇళ్లలో బ్రహ్మకమలం అని పెంచేది కాక్టస్ జాతి, రాత్రి విచ్చుకుంటుంది. ఇది తీగ, పగలు విచ్చుకుంటుంది. రెండూ కమలాలు కావు.

మన కంచెల మీద దానంతట అదే పాకే చిన్న తీగ ఒకటుంది. మొగ్గ చుట్టూ నాచులాంటి వల, లోపల గోలీ అంత పండు, ఆకు నలిపితే ఒక రకమైన కంపు. తెల్లజుమికి అంటారు. అదీ ఈ కుటుంబమే. దాన్ని పీకి పారేయకండి, కిందికి వెళ్లాక దానితో ఒక పని పడుతుంది.

ఎప్పుడు నాటాలి, దేనిలో నాటాలి

జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక నాటితే సగం పని వానే చేస్తుంది. ఆ అదను తప్పితే ఫిబ్రవరి. ఏప్రిల్, మే నెలల్లో నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను మిద్దె మీద పెట్టడం అంటే పెనం మీద పెట్టడమే.

కుండీ కనీసం 16 అంగుళాలు ఉండాలి. 20 లీటర్ల పెయింట్ బకెట్ అడుగున ఐదారు రంధ్రాలు పెట్టినా సరిపోతుంది. చాలామంది అడుగున ఒక్క రంధ్రం పెట్టి, దాని మీద పెంకు ముక్క మూసి, వానాకాలంలో వేరుకుళ్లు వచ్చాక ఏడుస్తారు. పక్కల నుంచి కూడా, అడుక్కి అంగుళం పైన, రెండు మూడు రంధ్రాలు పెట్టండి. మిద్దె మీద బరువు కుండీలను గోడ వెంట, దూలం మీద పడేలా పెట్టుకోవాలి, స్లాబు మధ్యలో వద్దు.

మట్టికి లెక్క: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక లేదా కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో, కుండీకి రెండు గుప్పెళ్ల వేపపిండి. నల్లరేగడి అయితే ఇసుక ఇంకో పాలు పెంచండి, లేకపోతే నీళ్లు నిలుస్తాయి. నాటేటప్పుడు కవరు చింపి మట్టి గడ్డను అలాగే దించండి. వేళ్లు దులిపితే ఈ తీగ పది రోజులు అలుగుతుంది. సాయంత్రం పూట నాటి, నీళ్లు పోసి, రెండు మూడు రోజులు నీడపట్టున ఉంచి ఆ తర్వాత ఎండలోకి జరపండి.

నేలలో నాటే స్థలం ఉన్నవాళ్లు ఒకసారి ఆలోచించండి. ఇన్‌కార్నాటా రకం వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది. మీరు గేటు దగ్గర నాటితే అది మూడడుగుల అవతల, గులాబీల మధ్య లేస్తుంది. ఖాళీ ప్రహరీ ఉంటే పర్వాలేదు, చిన్న పెరడైతే కుండీయే మేలు.

నులితీగకు పట్టు దొరకాలి

కొత్తగా పెంచేవాళ్లు చేసే పొరపాటు లావుపాటి పైపు పక్కన నాటడం. ఈ తీగ మల్లెలా చుట్టుకుంటూ ఎక్కదు. ప్రతి కణుపు దగ్గరా ఒక సన్నటి నులితీగ తీసి, దానితో పట్టుకుని ఎక్కుతుంది. ఆ నులితీగ పెన్సిలంత లావు దాన్ని సులువుగా చుడుతుంది, రెండంగుళాల పీవీసీ పైపు దాని వశం కాదు. అందుకని పైపుకి, స్తంభానికి, గోడకి ముందు జాలీ కట్టండి. ప్లాస్టిక్ వల, కోళ్ల జాలీ, పురికొస, జీఐ వైరు, ఏదైనా సరే. సరుగుడు కర్రలో వెదురు బొంగులో నాలుగు పాతి, పైన అడుగు ఎడంతో వైర్లు లాగితే మంచి పందిరి.

ఖాళీగా ఉన్న ఒక ఉదయం ఈ నులితీగను చూడండి. లేత దాన్ని, చివర కొక్కెంలా కాస్త వంగి గాలిలో వెతుక్కుంటున్న దాన్ని ఎంచుకుని, లోపలి వంపును వేలితో రెండు మూడుసార్లు మెల్లగా రాయండి. చేయి తీసేసి ఊరుకోండి. కాఫీ తాగి వచ్చేలోగా అది వంగి ఉంటుంది. ఈ కుటుంబంలోని ఒక జాతిలో తాకిన అర నిమిషం అటూ ఇటూగా కదలిక మొదలైందని చార్లెస్ డార్విన్ గమనించాడు. పట్టు దొరికాక మిగతా పొడవంతా స్ప్రింగులా చుట్టుకుపోతుంది. ఆ స్ప్రింగు సగం ఒక వైపు, మిగతా సగం ఎదురు వైపు తిరిగి ఉంటుంది. గాలికి తీగ ఊగినా తెగదు, సాగి మళ్లీ దగ్గరికి వస్తుంది. అందుకే తీగను మీరు వైరుకు బిగించి కట్టక్కర్లేదు. మొదటి రెండడుగులు మాత్రం పాత చీర అంచుతోనో కొసతోనో వదులుగా కట్టి వదిలేయండి.

ఇప్పుడు ఆకారం. మొక్క నుంచి ఒకటి లేదా రెండు కాడలనే పైకి పోనివ్వండి. పందిరి ఎత్తు వచ్చేదాకా పక్కల నుంచి వచ్చే పిలకలను గిల్లేయండి. కాడ పై వైరుకు చేరాక దాని కొస తుంచేయండి. నాలుగైదు రోజుల్లో కణుపుల నుంచి పక్క కొమ్మలు బయల్దేరతాయి. వాటిని వైరు వెంట కొంత పాకనిచ్చి, అక్కడి నుంచి కిందికి తెరలా వేలాడనివ్వండి. పూలు వచ్చేది ఆ వేలాడే కొమ్మల మీదే. నా మొదటి తీగలో ఉన్న లోపం ఇదే. అది కొమ్మలు వేయకుండా, ఒకే కాడగా, పరుగు పందెంలా యాంటెనా దాకా పోయింది.

ఎండ, నీళ్లు, ఎరువు

రోజుకి ఐదారు గంటల నేరుటెండ లేనిచోట ఈ తీగ పెట్టి పూలు రాలేదని అనుకోవద్దు. ఉత్తరం వైపు బాల్కనీలో పచ్చటి తెర కావాలంటే పెంచుకోండి, పూల ఆశ మాత్రం వదులుకోండి. మేలో ఎండ 42 డిగ్రీలు దాటినప్పుడు మాత్రం పైన 50 శాతం షేడ్ నెట్ కట్టాలి. మొగ్గలు ఉడికి రాలిపోయేది ఆ రోజుల్లోనే. సీమలో వేడిగాలి కూడా తోడవుతుంది కాబట్టి కుండీ పైన రెండంగుళాల మందాన ఎండుటాకులు పరచండి. కోస్తాలో ఉక్క ఎక్కువ, తీగ గుబురైతే లోపలి ఆకులకు తెగుళ్లు వస్తాయి, గాలి ఆడేలా కొమ్మలను పలచన చేసుకోవాలి.

నీళ్లు: వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించి చూడండి, పొడిగా ఉంటే పోయండి. ఎండాకాలం కుండీకి రోజూ, వానాకాలం అవసరమైతేనే. దీనికి ఇంతకన్నా శాస్త్రం లేదు.

ఎరువు దగ్గరే చేతులు కట్టేసుకోవాలి. యూరియా అసలు వద్దు. నత్రజని ఎక్కువైతే తీగకు ఆకులు వేయడమే పనిగా ఉంటుంది, పూయాల్సిన అవసరం దానికి కనిపించదు. నేను దోసిళ్ల కొద్దీ పశువుల ఎరువు వేసి చేసింది అదే. ఇప్పుడు నెలకోసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు, మొగ్గ తొడిగే కాలంలో ఒక చెంచా కట్టెల బూడిద, ఏడాదికోసారి గుప్పెడు ఎముకల పొడి. పక్క కుండీలో వంగకు, టమాటాకు పోసే జీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం) దీనికి నెలకోసారి చాలు, పలచగా. ఆకులు మరీ నల్లబడినంత ముదురు పచ్చగా ఉంటే ఆ నెల ఎరువు మానేయండి.

కత్తెర పట్టుకోండి

కృష్ణకమలం పాత కొమ్మ మీద పూయదు. కొత్త చిగురు మీద, ఆకు పుట్టే ప్రతి కణుపు దగ్గరా, సాధారణంగా ఒక్కో పువ్వు చొప్పున పూస్తుంది. కొత్త చిగుళ్లు ఎన్ని ఉంటే అన్ని పూలు. కొత్త చిగుళ్లు రావాలంటే పాతవి కొయ్యాలి. మా పిన్నిగారికి నేను ఏడాది ఆలస్యంగా చెప్పగలిగిన జవాబు ఇదే.

పెద్ద కత్తిరింపు ఫిబ్రవరి మధ్యలో, చలి తగ్గి చిగురు కదిలే ముందు. పందిరి మీద ఉన్న ప్రధాన కాడలను ముట్టుకోకండి. వాటి నుంచి వేలాడే కొమ్మలను ఒక్కొక్కటి పట్టుకుని, మొదట్లో మూడు నాలుగు కణుపులు ఉంచి మిగతాది కోసేయండి. కోత కణుపుకి అర అంగుళం పైన పడాలి. ఎండిపోయినవి, లోపల పెనవేసుకున్నవి పూర్తిగా తీసేయండి. మొదటిసారి చేసినప్పుడు చేతులు వణుకుతాయి. పచ్చటి తెర మాయమై వైర్ల మీద నాలుగు మోళ్లు మిగిలితే ఇంట్లోవాళ్లు "ఏం చేశావ్?" అంటారు. మూడు వారాలు ఓపిక పట్టమనండి. ప్యాషన్ ఫ్రూట్ రకమైతే మరీ ముదురు చెక్క దాకా కోయొద్దు, అక్కడి నుంచి చిగురు రావడం కష్టం.

తేలిక కత్తిరింపు పూత ఒక విడత అయ్యాక ఎప్పుడైనా చేయొచ్చు, కొసల నుంచి అడుగు అడుగున్నర. జూన్ చివర ఒకసారి కొడితే వానాకాలమంతా, అక్టోబరు దాకా పూత నడుస్తుంది. మే నెలలో మాత్రం కత్తెర దాచేయండి. ఆకు కప్పు పోయిన కాడ ఎండకు మాడుతుంది.

కోసిన కొమ్మలు పారేయొద్దు. పెన్సిల్ లావున్నవి, మరీ లేతవీ మరీ ముదురువీ కానివి, రెండు మూడు కణుపులుండేలా ముక్కలు చేయండి. కింది ఆకులు తీసేసి, పై ఆకును సగానికి కత్తిరించి, ఒక కణుపు మట్టిలో మునిగేలా గుచ్చండి. పైన ప్లాస్టిక్ సీసా సగం కోసి బోర్లిస్తే తేమ నిలుస్తుంది. నీడలో ఉంచితే మూడు నాలుగు వారాల్లో వేళ్లొస్తాయి. వానాకాలంలో పది గుచ్చితే ఆరేడు బతకడం నా అనుభవం. ఇంకా తేలిక పద్ధతి నేలంటు: కిందికి వేలాడే కొమ్మను పక్క కుండీలోకి వంచి, కణుపు దగ్గర మట్టి కప్పి, మీద రాయి పెట్టి మరిచిపోండి. నెలన్నరకి తల్లి నుంచి కోసి వేరు చేయొచ్చు. గింజలు మాత్రం తాజావే వేయాలి. గుజ్జుతో రెండు రోజులు గిన్నెలో పులియబెట్టి, కడిగి, వెంటనే నాటండి. పాత గింజ మొలవడానికి నెలలు తీసుకుంటుంది.

పువ్వు వచ్చిన రోజు

ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది. అందుకని మొగ్గ ఉబ్బి, కొస దగ్గర రంగు తొంగిచూసిన మర్నాడు పనులు పక్కన పెట్టుకోండి. విచ్చుకోవడం నిదానంగా ఏమీ ఉండదు, చూస్తుండగానే రేకులు వెనక్కి వాలతాయి. బయట పది: ఐదు రక్షక పత్రాలు, ఐదు రేకులు, పోల్చుకోలేనంత ఒకేలా. వాటి మీద చక్రంలా సన్నటి పోగులు, అవే కౌరవులు. ఒకసారి నూరు ఉన్నాయో లేదో లెక్కపెడదామని కూర్చున్నాను, డెబ్బై దాటాక తప్పిపోయాను. మధ్యలో పైకి లేచిన కాడ మీద ఐదు పుప్పొడి తిత్తులు పాండవులు, వాటిపైన గుండ్రటి అండాశయం, ఆ పైన పుప్పొడిని అందుకునే మూడు కీలాగ్రాలు బ్రహ్మ విష్ణు మహేశ్వరులు. దక్షిణ అమెరికా వెళ్లిన స్పెయిన్ మతగురువులు ఇదే పువ్వులో ముళ్ల కిరీటాన్ని, ఐదు గాయాలను, మూడు మేకులను చూశారు. క్రీస్తు అనుభవించిన బాధకు పాషన్ అనే పేరుంది కాబట్టి పువ్వుకి ఆ పేరు పెట్టారు. మహాభారత కాలానికి ఈ తీగ సముద్రం అవతలే ఉంది. అయినా మనవాళ్లు కథను ఎంత చక్కగా అమర్చారో!

పండు కావాలంటే ఈ అమరికను ఇంకొంచెం చూడాలి. పుప్పొడి తిత్తుల ముఖం కిందికి ఉంటుంది. విచ్చుకున్న కాసేపటికి మూడు కీలాగ్రాలు మెల్లగా కిందికి వంగి తిత్తుల మట్టానికి వస్తాయి. ఆ సందులో దూరే లావుపాటి నల్ల తుమ్మెద వీపుకి పుప్పొడి అంటి, పక్క పువ్వు కీలాగ్రానికి రాసుకుంటుంది. చిన్న తేనెటీగ పోగుల మీద తిరిగి తేనె తాగి పోతుంది, దాని వీపు అంత ఎత్తు అందదు. ఎండు కర్రకు తొర్ర చేసుకుని ఉండే తుమ్మెదలు మీ చుట్టుపక్కల లేకపోతే ఆ పని మీరే చేయాలి. చిన్న పెయింట్ బ్రష్‌తో ఒక పువ్వు పుప్పొడి తీసి, ఇంకో తీగ పువ్వులోని మూడు కీలాగ్రాలకూ పూయండి. కీలాగ్రాలు వంగాకే చేయాలి. పువ్వు తడిగా ఉంటే వద్దు, నీరు తగిలితే పుప్పొడి పాడవుతుంది.

ఇంకో తీగ అని ఊరికే అనలేదు. పసుపు పండు రకం తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. రెండు తీగలు కావాలి, అవి కూడా ఒకే తల్లి కొమ్మలు కాకూడదు. ఒకే మొక్క నుంచి పది కొమ్మలు నాటి "పది తీగలున్నాయి, కాయలు లేవు" అనేవాళ్లది ఈ సమస్యే. ఊదా రకానికి ఆ పట్టింపు లేదు, కానీ దానికి చల్లటి ఊళ్లు ఇష్టం. అరకు, చింతపల్లి వైపు వాళ్లు దాన్ని ప్రయత్నించొచ్చు. మైదానంలో ఉన్నవాళ్లకు పసుపు రకమో, కొడగులోని చెట్టళ్లి పరిశోధన కేంద్రం రెండింటినీ కలిపి తయారుచేసిన కావేరి అనే సంకర రకమో నయం. వేళలు కూడా వేరు. ఊదా రకం తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుస్తుంది, పసుపు రకం మధ్యాహ్నం విచ్చుకుని రాత్రికి ముడుస్తుంది. కాయ కట్టాక రెండు నుంచి రెండున్నర నెలలకి పండి దానంతట అదే రాలుతుంది. కోయొద్దు, రాలనివ్వండి. తొక్క కాస్త ముడతలు పడ్డాక తింటే పులుపు తగ్గుతుంది.

పచ్చి కాయ, ఆకు మాత్రం నోట్లో పెట్టుకోవద్దు, సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలు వాటిలో ఉంటాయి. ఇన్‌కార్నాటాతో నిద్ర మందులు చేస్తారన్న మాట నిజమే గానీ, మిద్దె మీది ఆకులు కాచుకుని తాగడం వేరు. గర్భిణులు, ఇప్పటికే నిద్ర మాత్రలు వాడేవాళ్లు అసలు జోలికి పోవద్దు.

చీమలు, గొంగళిపురుగులు, ఇంకా

ఆకు కాడ మీద రెండు చిన్న బొడిపెలు, వాటి చుట్టూ చీమలు కనిపిస్తే టెన్షన్ పడకండి. అవి తీగ తీసే తేనె బొట్లు. చీమలకు అది జీతం, బదులుగా అవి పురుగులను తరుముతాయి. చీమలతో పాటు కాడ మీద తెల్లటి దూది పింజలు కూడా ఉంటే అప్పుడు కదలండి, అది పిండినల్లి. పాత టూత్ బ్రష్‌తో రుద్ది, లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. వారానికోసారి, మూడు వారాలు. ఎండాకాలంలో ఆకు కింద సన్నటి గూళ్లతో వచ్చే ఎర్రనల్లికి ఆకుల కింద వైపు నీళ్లు గట్టిగా కొట్టినా చాలావరకు పోతుంది.

అసలు చిక్కు గొంగళిపురుగులతో. నారింజ రంగులో, నల్లచుక్కలతో, తొందర లేనట్టు తక్కువ ఎత్తులో ఎగిరే సీతాకోకచిలుకను మీరు చూసే ఉంటారు, టానీ కోస్టర్ అంటారు. అది ఈ ఆకుల మీద పసుపు గుడ్లు గుంపులుగా పెడుతుంది. ఎర్రటి గోధుమ రంగు పిల్లలు, ఒంటినిండా కొమ్మలున్న ముళ్లతో, చూడ్డానికి భయంగా ఉంటాయి. ఒక శుక్రవారం సాయంత్రం నిండుగా ఉన్న తీగ, ఊరెళ్లి ఆదివారం రాత్రి వచ్చేసరికి ఈనెలతో మిగిలింది. మందు కొట్టమని అందరూ అన్నారు. కొట్టలేదు. ఆరోగ్యంగా ఉన్న తీగ నెలలో మళ్లీ చిగురిస్తుంది, ఆ కొత్త చిగురు మీద పూస్తుంది కూడా. ఒక రకంగా అవీ కత్తెరలే.

కానీ లేత మొక్క అయితే అంత ఉదారత వద్దు, చచ్చిపోతుంది. ఇక్కడే తెల్లజుమికి పని. దాన్ని ఒక పాత డబ్బాలో నాటి పక్కన పెట్టండి. గుడ్లున్న ఆకును, పిల్లలున్న ఆకును కత్తిరించి దాని మీదికి మార్చేయండి. అవి దాన్ని మేస్తూ పెద్దవవుతాయి, మీ తీగ మీకు దక్కుతుంది. నా దగ్గర రెండేళ్లుగా ఈ ఒప్పందం నడుస్తోంది.

ఇక త్వరగా కొన్ని. చలికాలంలో కింది ఆకులు పసుపై రాలడం మామూలే. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే లీటరు నీళ్లకి ఒక చెంచా ఎప్సమ్ సాల్ట్ కలిపి పోసి చూడండి. మట్టి తడిగా ఉన్నా తీగంతా వాడిపోతే వేరుకుళ్లు: నీళ్లు ఆపండి, బాగున్న కొమ్మలను వెంటనే గుచ్చుకోండి, తల్లి మీద ఆశ పెట్టుకోవద్దు. ఆకులు ముడతలు పడి, పసుపు పచ్చ మచ్చలు కలగలిసి, కొత్త చిగురు కూడా అలాగే వస్తుంటే అది వైరస్. దానికి మందు లేదు. పీకి పారేయండి, కొమ్మలు ఎవరికీ ఇవ్వొద్దు, కత్తెర కడుక్కోండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు

డాలస్‌లో ఉండే మా చెల్లి మొదటి చలికాలం ఫోన్ చేసి తీగ చచ్చిపోయిందని ఏడ్చింది. నాటింది ఇన్‌కార్నాటా. ఆ జాతి పుట్టిల్లే అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు, అక్కడివాళ్లు మేపాప్ అంటారు, టెనెసీకి అది రాష్ట్ర పువ్వుల్లో ఒకటి. చలికి పైనంతా ఎండిపోతుంది, వేరు బతికే ఉంటుంది. నేల బాగా వేడెక్కాక, మిగతా మొక్కలన్నీ లేచాక, నిదానంగా లేస్తుంది. మే దాకా చూసి అప్పుడు తవ్వండి. ప్యాషన్ ఫ్రూట్, ఎర్రపూల రకాలు మాత్రం మంచుకు తట్టుకోవు, కుండీలో పెట్టి శీతాకాలం లోపలికి తెచ్చుకోవాలి. అక్కడ టానీ కోస్టర్ బదులు గల్ఫ్ ఫ్రిటిలరీ వస్తుంది, నల్ల ముళ్ల నారింజ పురుగులు. తెల్లజుమికి బదులు ఇంకో మేపాప్ నాటండి.

ఇల్లు మారేటప్పుడు

అద్దె ఇళ్లవాళ్లకు ఇది తప్పదు. కుండీని కదిపే వారం ముందు తీగను రెండడుగుల ఎత్తుకు కోసేయండి, కుండీలో నీళ్లు తగ్గించండి. జాలీ నుంచి తీగను విడదీద్దామని కూర్చోవద్దు, నులితీగలు ఊడవు, మీ గోళ్లే విరుగుతాయి. కోసి లాగేయండి. ఎందుకైనా మంచిదని నాలుగు కొమ్మలు ముందే గుచ్చి ఉంచుకోండి, ఆటోలో కుండీ పగిలినా అవి ఉంటాయి. కొత్త డాబా మీద ఎండ ఎటు నుంచి వస్తుందో రెండు రోజులు చూసి, అప్పుడు కుండీకి చోటు ఖాయం చేయండి. నేను కిందటేడు అలాగే మారాను. పాత ఇంటి యాంటెనాకి నా తీగ నులితీగలు ఇంకా పట్టుకునే ఉన్నాయట. గుచ్చిన కొమ్మల్లో రెండు పిన్నిగారికి ఇచ్చి వచ్చాను, ఫిబ్రవరిలో కోయమని చెప్పి.